మోల్ లెక్కలు ఎలా చేయాలి: యూరియా బస్తా, గ్యాస్ సిలిండర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుతో

పదో తరగతి దాకా కెమిస్ట్రీని ఇష్టంగా చదివిన పిల్లలు కూడా ఇంటర్‌లో మోల్ లెక్కలు రాగానే టెన్షన్ పడతారు. నిజానికి ఇందులో ఉన్నది గుణకారం, భాగహారం మాత్రమే. ఎక్కడ గుణించాలి, ఎక్కడ భాగించాలి, అసలెందుకు చేస్తున్నాం అన్నది తెలియకుండా సూత్రాలు బట్టీ పట్టడంతోనే చిక్కు మొదలవుతుంది. పక్కన ఒక నోటుబుక్కు, క్యాలిక్యులేటర్ పెట్టుకోండి. కింద వచ్చే ప్రతి లెక్కనూ ముందు మీరు వేసి, తర్వాత జవాబు చూసుకోండి. ఊరికే చదువుకుంటూ పోతే ఈ పాఠం ఒంటబట్టదు.

ముందుగా: మోల్ ఎందుకు పుట్టింది

హైడ్రోజన్ మండి నీరు తయారయ్యేటప్పుడు రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు కావాలి. రెండు గ్రాములకు ఒక గ్రాము కాదు, రెండు అణువులకు ఒక అణువు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే. రసాయన చర్యలో అణువులు లెక్క ప్రకారం కలుస్తాయి. కానీ ల్యాబ్‌లో మన చేతిలో ఉన్నది త్రాసు. అది గ్రాములే చూపిస్తుంది, అణువుల్ని లెక్కపెట్టలేదు.

గుడి హుండీలో పోగైన రూపాయి నాణేలు గుర్తు తెచ్చుకోండి. అన్నీ ఒకే రకం నాణేలైతే ఒక్కొక్కటీ లెక్కపెట్టక్కర్లేదు. ఒక నాణెం బరువు తెలిస్తే, కుప్ప మొత్తం బరువును దానితో భాగిస్తే ఎన్ని ఉన్నాయో వచ్చేస్తుంది. మోల్ లెక్కలో చేసేది ఇదే పని. అణువు మరీ చిన్నది కాబట్టి ఒక్క అణువు బరువు బదులు, 6.022 × 10²³ అణువుల బరువు తీసుకుంటాం. ఆ సంఖ్యలో ఉన్న పరిమాణాన్నే ఒక మోల్ అంటాం. ఆ సంఖ్య పేరు అవగాడ్రో సంఖ్య.

ఇంత వింత సంఖ్య ఎందుకని అడగడం న్యాయమే. కార్బన్‌-12 పరమాణువులు సరిగ్గా 12 గ్రాములు కావాలంటే ఎన్ని ఉండాలో అన్నే తీసుకున్నారు. దాంతో ఆవర్తన పట్టికలో ఉన్న పరమాణు ద్రవ్యరాశి పక్కన 'గ్రాములు' అని రాసుకుంటే చాలు, అది ఒక మోల్ బరువైపోతుంది. 2019 మే 20 నుంచి నిర్వచనం మారింది. ఇప్పుడు మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు. మన లెక్కలకు మాత్రం ఏ తేడా రాదు, 6.022 సరిపోతుంది.

మొదటి మెట్టు: మోలార్ ద్రవ్యరాశి కట్టడం

ఒక మోల్ పదార్థం బరువే దాని మోలార్ ద్రవ్యరాశి. అది కట్టాలంటే కొన్ని అంకెలు నోటికి రావాలి: హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23, మెగ్నీషియం 24, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40, ఇనుము 56. పరీక్షలో చాలా లెక్కలు వీటితోనే తేలిపోతాయి. క్లోరిన్‌కు ఆ అర ఎక్కడిదంటే, ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో సుమారు మూడు వంతులు 35 బరువుది, ఒక వంతు 37 బరువుది. సగటు కడితే 35.5.

ఇప్పుడు యూరియా తీసుకుందాం. దాని అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. 12 + 16 + 28 + 4 = 60. అంటే ఒక మోల్ యూరియా 60 గ్రాములు. అందులో నైట్రోజన్ 28 గ్రాములు. 28ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.7 శాతం. మీ ఊళ్లో ఎవరైనా పొలానికి తెచ్చిన యూరియా బస్తా చూడండి, దాని మీద నత్రజని 46 శాతం అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీరిప్పుడే కట్టి చూపించారు. 45 కిలోల బస్తాలో పైరుకు అందే నత్రజని 20.7 కిలోలు. మిగతాదంతా కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్.

ఇలాగే మరో మూడు మీరే కట్టండి. ఉప్పు 58.5, వంటసోడా 84, పంచదార 342 రావాలి. పంచదార అణువులో 12 కార్బన్‌లు, 22 హైడ్రోజన్‌లు, 11 ఆక్సిజన్‌లు. వంటసోడాలో సోడియం, హైడ్రోజన్, కార్బన్ ఒక్కొక్కటి, ఆక్సిజన్ మూడు.

రెండో మెట్టు: గ్రాముల్ని మోల్స్‌గా మార్చడం

గ్రాముల్ని మోలార్ ద్రవ్యరాశితో భాగించండి. అంతే. వెనక్కి రావాలంటే, అంటే మోల్స్ నుంచి గ్రాములు కావాలంటే, గుణించండి. యూరియా బస్తా 45,000 గ్రాములు కాబట్టి 60తో భాగిస్తే 750 మోల్స్. 18 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి చేతిలో పట్టుకుంటే అది ఒక మోల్ నీరు. ఒక గుక్క కూడా కాదు, అందులో 6.022 × 10²³ అణువులున్నాయి.

గుణించాలా భాగించాలా అన్న అనుమానం వస్తే ప్రమాణాలు రాసి చూడండి. గ్రాముల్ని 'మోల్‌కు ఇన్ని గ్రాములు' అన్నదానితో భాగిస్తే గ్రాములు కొట్టుకుపోయి మోల్ మిగులుతుంది. గుణిస్తే అర్థం లేని ప్రమాణం వస్తుంది. ప్రతి లైన్లో ప్రమాణం రాసే అలవాటు ఉన్నవాళ్లు ఈ పాఠంలో మార్కులు పోగొట్టుకోవడం చాలా అరుదు. ఇది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది, కాదు.

ఇంకో జాగ్రత్త. 'ఒక మోల్ ఆక్సిజన్' అని రాసి ఊరుకోకండి. ఆక్సిజన్ పరమాణువులా, అణువులా? పరమాణువులైతే 16 గ్రాములు, అణువులైతే 32. ప్రశ్నలో 'ఆక్సిజన్ వాయువు' అంటే అణువులే. నైట్రోజన్, హైడ్రోజన్, క్లోరిన్ వాయువులకూ అంతే. లెక్కంతా సరిగ్గా చేసి జవాబు రెట్టింపు రావడమో, సగం రావడమో జరిగితే ముందు ఇక్కడే వెతకండి.

మూడో మెట్టు: సమీకరణాన్ని తుల్యం చేయడం

మోల్స్ దొరికాయి. ఇప్పుడు ఏది ఎంతతో కలుస్తుందో చెప్పేది తుల్య సమీకరణం. బ్యూటేన్ మండడం తీసుకుందాం, ఎందుకంటే తర్వాతి లెక్క గ్యాస్ సిలిండర్ మీదే. బ్యూటేన్ అణువులో నాలుగు కార్బన్, పది హైడ్రోజన్ ఉంటాయి. అది ఆక్సిజన్‌లో పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయి.

ఇలాంటి దహన చర్యల్లో ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, చివర్లో ఆక్సిజన్ సరిచేయాలి. ఆక్సిజన్ కుడివైపు రెండు చోట్లా ఉంటుంది కాబట్టి దాన్ని ముందే ముట్టుకుంటే చేసిందే మళ్లీ చేయాల్సి వస్తుంది. నాలుగు కార్బన్‌లు ఉన్నాయి కాబట్టి కుడివైపు 4 కార్బన్ డయాక్సైడ్ అణువులు. పది హైడ్రోజన్‌లు ఉన్నాయి కాబట్టి 5 నీటి అణువులు. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు లెక్కపెట్టండి: 8 + 5 = 13. ఆక్సిజన్ అణువుకు రెండు పరమాణువులు కాబట్టి ఎడమవైపు ఆరున్నర అణువులు కావాలి. అర అణువు ఉండదు కనుక మొత్తాన్ని రెండుతో గుణించండి.

బ్యూటేన్ 2 + ఆక్సిజన్ 13 → కార్బన్ డయాక్సైడ్ 8 + నీరు 10

నోటుబుక్కులో పేర్ల బదులు సాంకేతికాలు రాసుకోండి. సరిచేసేటప్పుడు ముందున్న గుణకాల్ని మాత్రమే మార్చాలి. సాంకేతికం కింద ఉన్న చిన్న అంకెను మార్చితే పదార్థమే మారిపోతుంది. నీటి అణువులో ఇంకో ఆక్సిజన్ చేర్చితే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్.

నాలుగో మెట్టు: గ్యాస్ సిలిండర్ లెక్క

ఇంట్లో వాడే సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లెక్క తేలిగ్గా ఉండటానికి మొత్తం బ్యూటేనే అనుకుందాం. ప్రశ్న ఇది: సిలిండర్ మొత్తం అయిపోయేసరికి వంటింట్లోంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది? ముందుకెళ్లే ముందు ఒక అంచనా రాసుకోండి. పది కిలోలా, పద్నాలుగా?

బ్యూటేన్ మోలార్ ద్రవ్యరాశి 48 + 10 = 58. 14,200 గ్రాముల్ని 58తో భాగిస్తే దాదాపు 245 మోల్స్. సమీకరణం ప్రకారం 2 మోల్స్ బ్యూటేన్‌కు 8 మోల్స్ కార్బన్ డయాక్సైడ్, అంటే ఒకటికి నాలుగు. కాబట్టి 980 మోల్స్. దాని మోలార్ ద్రవ్యరాశి 44. రెండూ గుణిస్తే 43,120 గ్రాములు.

14.2 కిలోల గ్యాస్ నుంచి 43.1 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఈ జవాబు చూసి లెక్క తప్పిందని కొట్టేసే పిల్లలు ఎక్కువ. తప్పలేదు. మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. అదీ కట్టి చూద్దాం. ఆక్సిజన్ 245 × 6.5 = 1592.5 మోల్స్, 32తో గుణిస్తే సుమారు 51 కిలోలు. నీరు 245 × 5 = 1225 మోల్స్, 18తో గుణిస్తే సుమారు 22.1 కిలోలు. ఎడమవైపు 14.2 + 51.0 = 65.2. కుడివైపు 43.1 + 22.1 = 65.2. పద్దెనిమిదో శతాబ్దంలో లేవోయిజర్ మూసిన పాత్రల్లో మండించి, తూచి చూపించిన ద్రవ్యరాశి నిత్యత్వ నియమం మన వంటింట్లోనూ గ్రాము తేడా లేకుండా పనిచేస్తోంది. వానాకాలంలో కిటికీలు మూసి వంట చేస్తే అద్దాల మీద పట్టే చెమ్మలో కొంత ఈ నీటిదే.

ఇక్కడే జరిగే పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. కొందరు సమీకరణంలోని 2, 8 అంకెల్ని నేరుగా కిలోలకు వాడేస్తారు. 14.2ను నాలుగుతో గుణించి 56.8 కిలోలు అంటారు. గుణకాలు మోల్స్‌ని పోల్చుతాయి, బరువుల్ని కాదు. కాబట్టి గ్రాముల నుంచి గ్రాములకు ఎప్పుడూ నేరుగా దూకకండి. గ్రాములు, అక్కడి నుంచి మోల్స్, సమీకరణంతో అవతలి పదార్థం మోల్స్, మళ్లీ గ్రాములు. ఈ వరుస మారదు. ప్రశ్న ఎంత మెలికపెట్టి అడిగినా లోపల ఉండేది ఈ వరుసే.

ఐదో మెట్టు: ఏది ముందు అయిపోతుంది?

రెండు పదార్థాల బరువులూ ఇచ్చి 'ఎంత వస్తుంది' అని అడిగితే అది లిమిటింగ్ రీఏజెంట్, అంటే ముందు అయిపోయి చర్యను ఆపేసే పదార్థం లెక్క. దీన్ని కాగితం మీద కంటే చేత్తో చేసి చూస్తే బాగా అర్థమవుతుంది. అరలీటరు ప్లాస్టిక్ బాటిళ్లు మూడు, పెద్ద బెలూన్లు మూడు, వంటసోడా, వెనిగర్ కావాలి. బేకింగ్ పౌడర్ వాడకండి, అందులో వేరేవి కూడా కలిపి ఉంటాయి. గాజు సీసాలు వద్దు. చర్య జరిగేటప్పుడు బాటిల్ మూత బిగించడం అసలే వద్దు, ఒత్తిడికి పగిలిపోవచ్చు.

వెనిగర్ సీసా మీద ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతమో చూడండి. నాలుగు శాతం అనుకుంటే 75 మిల్లీలీటర్లలో 3 గ్రాముల ఆమ్లం ఉంటుంది. దాని మోలార్ ద్రవ్యరాశి 60, కాబట్టి 0.05 మోల్. వంటసోడా, ఎసిటిక్ ఆమ్లం ఒకటికి ఒకటి చొప్పున కలిసి సోడియం ఎసిటేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. అంటే ఈ ఆమ్లానికి సరిగ్గా సరిపోయే సోడా 0.05 × 84 = 4.2 గ్రాములు.

మూడు బాటిళ్లలోనూ 75 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. మొదటి బెలూన్‌లో 2.1 గ్రాములు, రెండోదాంట్లో 4.2, మూడోదాంట్లో 8.4 గ్రాముల సోడా వేయండి. ఇంట్లో ఉన్న త్రాసు గ్రాము కంటే తక్కువ చూపించకపోతే కంగారు పడొద్దు. 42 గ్రాములు తూచి, కాగితం మీద పొడవుగా పరిచి, స్కేలుతో పది సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం 4.2. ఒకదాన్ని సగం చేస్తే 2.1.

బెలూన్ మూతిని బాటిల్ మూతికి తొడిగి, మూడింటినీ ఒక్కసారే పైకెత్తి సోడా లోపల పడేలా చేయండి. నురగ పొంగి బెలూన్లు లేస్తాయి. మొదటిదాంట్లో 0.025 మోల్, అంటే గది ఉష్ణోగ్రతలో సుమారు 0.6 లీటరు వాయువు వస్తుంది. రెండోదాంట్లో దాదాపు 1.2 లీటర్లు. మూడోదాంట్లో సోడా రెట్టింపు వేశాం కదా, కానీ బెలూన్ రెండోదాని అంతే ఉంటుంది. అక్కడ ఆమ్లం అయిపోయింది, మిగిలిన సోడాకు జత లేదు.

అసలు నిర్ధారణ ఇప్పుడు. బెలూన్లు తీసేసి మూడో బాటిల్‌లో కొంచెం వెనిగర్ పోయండి, మళ్లీ పొంగుతుంది. మొదటి బాటిల్‌లో చిటికెడు సోడా వేయండి, అదీ పొంగుతుంది. రెండో బాటిల్‌లో ఏది వేసినా పెద్దగా స్పందన ఉండదు. మూడు బాటిళ్లలో దేనిలో ఏది లిమిటింగో కళ్లముందే తేలిపోతుంది.

కాగితం మీద చేసేటప్పుడు పద్ధతి: రెండు పదార్థాల్నీ మోల్స్‌గా మార్చండి, ఒక్కోదాన్ని సమీకరణంలో దాని గుణకంతో భాగించండి. ఏది తక్కువ వస్తే అది ముందు అయిపోతుంది. మిగతా లెక్కంతా దానితోనే. గ్రాములు తక్కువున్నదే ముందు అయిపోతుందని అనుకోకండి.

వాయువులైతే

ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ ఒత్తిడిలో ఒక మోల్ ఆదర్శ వాయువు 22.4 లీటర్లు. ఒత్తిడి 1 బార్ అంటే 22.7 లీటర్లు. రసాయన శాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1982లో ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌గా మార్చింది కాబట్టి పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. ప్రశ్నలో ఏ ఒత్తిడి ఇచ్చారో చూసి వాడండి. మన ఎండాకాలం 40 డిగ్రీల్లో, 1 అట్మాస్ఫియర్ దగ్గర అదే ఒక మోల్ 25.7 లీటర్లు ఆక్రమిస్తుంది. ఉష్ణోగ్రత చూడకుండా 22.4 వేయకూడదనడానికి ఇదే కారణం.

ఆరో మెట్టు: ద్రావణాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు

ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ కరిగి ఉన్నాయో అదే మొలారిటీ. నాకు దీనికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును మించిన ఉదాహరణ కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు.

గ్లూకోజ్ మోలార్ ద్రవ్యరాశి 180. 13.5ను భాగిస్తే 0.075 మోల్. ఇప్పుడు సోడియం. ఉప్పు నుంచి 2.6 ÷ 58.5 = 0.0444. సిట్రేట్‌లో రెండు నీటి అణువులు కలిసి ఉంటాయి, మోలార్ ద్రవ్యరాశి 294, ఒక్కో సిట్రేట్‌కు మూడు సోడియంలు. కాబట్టి 2.9 ÷ 294 × 3 = 0.0296. కలిపితే 0.074. ఫార్ములాలో దీన్ని 75 మిల్లీమోల్స్ అని రాస్తారు.

బరువులో చూస్తే సోడియం రెండు గ్రాములు కూడా లేదు, గ్లూకోజ్ పదమూడున్నర. సంఖ్యలో చూస్తే రెండూ సమానం. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం కలిసి లోపలికి వెళ్లే దారి ఉంది, వాటి వెంట నీరు వెళ్తుంది. శరీరం గ్రాములు చూడదు, అణువుల్ని చూస్తుంది. అందుకే ఈ ఫార్ములాను మోల్స్‌లో ఆలోచించి గ్రాముల్లో రాశారు.

లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టును 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఏమవుతుంది? మోల్స్ అవే, నీరు ఐదో వంతు. గ్లూకోజ్ మొలారిటీ 0.075 నుంచి 0.375కు పెరుగుతుంది. అంత చిక్కటి ద్రావణం ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ఇంట్లో పసిపిల్లలకు ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాశారో అన్నే పోయమని పెద్దవాళ్లకు మీరే చెప్పండి, కారణంతో సహా.

ఇప్పుడు మీరు చేయండి

9 గ్రాముల నీటిలో హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని? 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చితే ఎంత సున్నం వస్తుంది? 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ వాయువులు చర్య జరిపితే ఎంత నీరు వస్తుంది, ఏది ఎంత మిగులుతుంది? జవాబులు చూడకుండా మూడూ వేయండి.

మొదటిది: అర మోల్ నీరు, అణువుకు రెండు హైడ్రోజన్‌లు, కాబట్టి 6.022 × 10²³. రెండోది: సున్నపురాయి 100, సున్నం 56, కాబట్టి 56 కిలోలు. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. మూడోది: హైడ్రోజన్ 5 మోల్స్, ఆక్సిజన్ 2 మోల్స్. గుణకాలతో భాగిస్తే 2.5, 2. గ్రాములు ఎక్కువున్నా ఆక్సిజనే ముందు అయిపోతుంది. నీరు 4 మోల్స్, అంటే 72 గ్రాములు. హైడ్రోజన్ ఒక మోల్, 2 గ్రాములు మిగులుతుంది. సరిచూసుకోండి: వేసింది 74, వచ్చింది 72 + 2.